పెద్దవాళ్ళ మలబద్ధకానికి కాపడం: ఎంత వేడి, ఎక్కడ, ఎప్పుడు

కడుపు కదల్లేదన్న మాట పెద్దవాళ్ళు తొందరగా బయటపెట్టరు. కంచంలో అన్నం సగం వదిలేసి "ఆకలి లేదమ్మా" అంటారు. చిన్నదానికీ పెద్దదానికీ విసుక్కుంటారు. మధ్యాహ్నం పూట డొక్క మీద చెయ్యేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటారు. నాలుగుసార్లు అడిగితే అప్పుడు చెబుతారు, దొడ్డికెళ్ళి నాలుగు రోజులైందని.

నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సామర్లకోటలో మా అత్తయ్యగారిని చూసుకుంటూ, మా వీధిలో మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ ఇళ్ళకీ వెళ్ళొస్తుంటాను. "సిస్టరుగారూ, బీపీ చూడండి" అని పిలుస్తారు. బీపీ చూశాక, మనిషిని గుమ్మం దాకా తీసుకొచ్చి గొంతు తగ్గించి అడిగేది మాత్రం ఈ సంగతే. వాళ్ళకి ఏం చెబుతానో, చేతులతో ఏం చేసి చూపిస్తానో అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. పేగులో ఎండి గట్టిపడ్డ మలాన్ని కాపడం కరిగించదు. దాని పని వేరు. పొట్ట మీది కండరాల బిగువు తగ్గిస్తుంది, గ్యాసు పట్టేసిన నొప్పి సర్దుతుంది, మనిషి భయం వదిలి స్థిమితపడతాడు. ఒళ్ళు స్థిమితంగా ఉన్నప్పుడే పేగుల్ని కదిలించే నరాలు సరిగా పనిచేస్తాయి. జపాన్‌లో నర్సులు మలబద్ధకం ఉన్న రోగులకి నడుము మీద వేడి తువ్వాలు వేయడం ఒక పద్ధతిగా పాటిస్తారు. మన ఇళ్ళల్లో ఉప్పు మూట, ఇసుక మూట ఎప్పటి నుంచో ఉన్నాయి. వేడి వల్ల ఉపయోగం ఉంది. కానీ అది పొద్దున్న పనుల వరసలో సరైన చోట పడాలి. రాత్రి పడుకునేటప్పుడు కాపడం పెట్టి, పొద్దున్న కాఫీ తాగిన మనిషిని మంచం మీదే కూర్చోబెడితే ఆ శ్రమంతా వృథా.

కాపడం పెట్టకూడని వాళ్ళు

ఈ భాగం దాటేసి కిందికి వెళ్ళకండి.

కడుపులో కొత్తగా, గట్టిగా నొప్పి వచ్చి, ఎందుకొచ్చిందో తెలియకపోతే వేడి పెట్టొద్దు. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాసు కూడా బయటికి పోవడం లేదంటే పేగు అడ్డుపడి ఉండొచ్చు. అప్పుడు కాపడం పెట్టకూడదు, విరేచనాల మందూ వేయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. జ్వరంతో కడుపు నొప్పి, మలంలో రక్తం, ఈమధ్యే పొట్ట ఆపరేషను, పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బిందని స్కానింగులో తేలినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు: వీళ్ళందరికీ డాక్టరు సరే అన్నాకే.

చాలామందికి తెలియనిది ఇన్సులిన్ సంగతి. ఇన్సులిన్ పొట్టకి పొడిచి, అదే చోట వేడి పెడితే మందు త్వరగా ఒంట్లోకి ఎక్కి షుగరు పడిపోవచ్చు. మా వీధిలో ఒక మాస్టారు పొద్దున్నే బొడ్డు పక్కన ఇన్సులిన్ తీసుకుంటారు. ఆయనకి నేను పొట్ట మీద కాపడం పెట్టనివ్వను, నడుముకే. అలాగే క్యాన్సర్ నొప్పికి చర్మం మీద అంటించే ఫెంటానిల్ పట్టీ ఉంటే ఆ చుట్టుపక్కల వేడి తగలకూడదు. మందు ఒక్కసారిగా ఎక్కువ ఎక్కి ఊపిరి మందగిస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది.

షుగరు ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి, పక్షవాతం వచ్చినవాళ్ళకి చర్మానికి వేడి చల్లదనం తెలుస్తోందో లేదో ముందు చూడండి. రెండు స్టీలు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్ళు, ఇంకోదాంట్లో చల్లనీళ్ళు పోయండి. వాళ్ళని కళ్ళు మూసుకోమని, కాపడం పెట్టబోయే చోటే ఒకదాని తర్వాత ఒకటి ఆనించి, ఏది వెచ్చగా ఉందో అడగండి. వరస మార్చి మళ్ళీ అడగండి. తడబడితే ఆ చోట కాపడం వద్దు. మతిమరుపు ముదిరి, మంట పుట్టినా చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్ళకి కూడా మానేయడమే మంచిది.

వేడి ఎంత

వార్డులో ఉన్నప్పుడు నేను చూసిన కాలిన గాయాల్లో మంటలతో సంబంధం లేనివి చాలా ఉండేవి. చలికాలం రాత్రి ప్రేమగా పెట్టిన వేడినీళ్ళ సంచి, పక్కలో అలాగే ఉండిపోయి, పొద్దున్నకి చర్మం పొక్కిపోయి వచ్చేవారు. పెద్దవాళ్ళ చర్మం పల్చబడిపోతుంది, కింద కొవ్వు తగ్గిపోతుంది. 44 డిగ్రీల వేడి కూడా ఆరు గంటలు ఆనుకుని ఉంటే చర్మం కాలుతుంది. 60 డిగ్రీలైతే ఐదు సెకన్లు చాలు. ఇవి పెద్దవయసు రాని మనుషుల చర్మానికి వేసిన లెక్కలు, పల్చటి చర్మానికి అంతకన్నా తక్కువే పడుతుంది.

మనకి కావలసింది చర్మం దగ్గర 40 డిగ్రీల చిల్లర. స్నానానికి కొంచెం ఎక్కువ వెచ్చగా పెట్టుకున్న నీళ్ళ వేడి అది. రబ్బరు సంచిలోకి నీళ్ళు ఇలా కలుపుతాను: ఒక గ్లాసు మరిగిన నీళ్ళకి రెండు గ్లాసుల కుళాయి నీళ్ళు. కుళాయి నీళ్ళు 30 డిగ్రీలుంటే కలిసిన నీళ్ళు 53 దగ్గరికి వస్తాయి. దాని మీద తువ్వాలు రెండు మడతలు చుడితే చర్మానికి తగిలే వేడి సరిపోతుంది. మరుగుతున్న నీళ్ళు నేరుగా సంచిలో పోయొద్దు, ఎవరు చెప్పినా సరే. సంచి మూడింట రెండు వంతులే నింపి, బల్ల మీద పడుకోబెట్టి గాలంతా పోయేలా మెల్లగా నొక్కి, అప్పుడు మూత బిగించాలి. గాలి ఉంటే సంచి ఉబ్బి పొట్ట మీద సరిగా కూర్చోదు. తలకిందులు చేసి కారడం లేదని చూసుకోండి.

తువ్వాలు చుట్టాక మీ మోచేతి లోపలి వైపు ఆనించుకుని నెమ్మదిగా ముప్పై దాకా లెక్కపెట్టండి. ముప్పై అయ్యేలోపు చెయ్యి తీసేయాలనిపిస్తే అది వాళ్ళకి పనికిరాదు. అరచేత్తో చూడొద్దు, వంటింట్లో పనిచేసిన అరచేతులు వేడికి అలవాటు పడిపోయి ఉంటాయి.

కరెంటు మీద వేడెక్కే జెల్ సంచులు ఇప్పుడు ప్రతి మందుల షాపులోనూ దొరుకుతున్నాయి. వాటిని మనిషి దగ్గరికి తెచ్చే ముందే ప్లగ్గు తీసేయాలి. తీసిన వెంటనే చాలా వేడిగా ఉంటాయి గనక కాసేపు ఆగి, తువ్వాలు చుట్టి, మోచేతి పరీక్ష చేశాకే వాడాలి. మూత్రం పట్టు తప్పినవాళ్ళకి, పక్క తడిసే వాళ్ళకి కరెంటు దుప్పట్లు, ప్యాడ్లు అసలు వద్దు.

ఉప్పు మూట గురించి అడుగుతారు. కళ్ళుప్పు మూకుట్లో వేయించి గుడ్డలో కట్టే పద్ధతి కీళ్ళ నొప్పులకి మా అమ్మ కూడా చేసేది. అందులో ఎంత వేడి ఉందో కొలవలేం, పైన చల్లారినట్టున్నా మధ్యలో నిప్పులా ఉంటుంది, గుడ్డ పల్చనైతే గింజలు జారి పడతాయి. ఎనభై దాటినవాళ్ళ పొట్టకి నేనైతే వాడను. ఇంట్లో అది తప్ప వేరే దారి లేకపోతే దళసరి గుడ్డ రెండు పొరలు కట్టి, మోచేతి పరీక్ష చేసి, ఒక్కచోట ఉంచకుండా అద్దుతూ కదుపుతూ ఉండాలి.

తడి కాపడం నాకు అన్నింటికన్నా ఇష్టం. దళసరి తువ్వాలు వేడినీళ్ళలో ముంచి, చేతులకి రబ్బరు గ్లవుజులు వేసుకుని చుక్క కారకుండా పిండాలి. ఒకసారి దులిపి ఆవిరి పోనిచ్చి, మోచేతికి చూసుకుని వేయాలి. దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆపైన పొడి తువ్వాలు కప్పితే వేడి నిలబడుతుంది. తడి వేడి పొడి వేడికన్నా త్వరగా చర్మంలోకి దిగుతుంది గనక ఇక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

పొద్దున్న వరస

మా అత్తయ్యగారికి నేను చేసేది ఇది.

ఆరింటికి లేచాక మంచం మీదే దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టి ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు ఇస్తాను. గుండె జబ్బుకో కిడ్నీ జబ్బుకో నీళ్ళు కొలత పెట్టినవాళ్ళకి ఆ కొలతలోనే.

తర్వాత ఎడమవైపుకి తిప్పి, మోకాళ్ళు కొంచెం ముడిచి పడుకోబెట్టి నడుముకి తడి కాపడం. రెండు తుంటి ఎముకల పై అంచుల్ని కలుపుతూ వీపు మీద అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మధ్యలో ఉండేలా తువ్వాలు పడాలి. పదిహేను నిమిషాలు చాలు. అరగంట పెడితే రెండింతలు పనిచేస్తుందన్నది లేదు. ఐదు నిమిషాలకోసారి తువ్వాలు ఎత్తి చర్మం చూస్తాను. లేత గులాబీ రంగు పరవాలేదు. ఎర్రగా కందినా, మచ్చలు మచ్చలుగా కనిపించినా అక్కడితో ఆపేయాలి. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు కనబడదు, అందుకని చేత్తో తాకి చూడాలి: పక్క చర్మం కన్నా బాగా వేడిగా, బిరుసుగా ఉంటే చాలు, తీసేయండి. కాపడం పెట్టి గది వదిలి వెళ్ళడం, మనిషిని సంచి మీద పడుకోబెట్టడం, కాపడంతోనే నిద్రపోనివ్వడం, ఈ మూడూ చేయొద్దు. ఒంటి బరువు పడితే వేడి పోవడానికి దారి ఉండదు.

పొట్టకి పెట్టేవాళ్ళయితే వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళ కింద దిండు పెట్టండి, పొట్ట వదులవుతుంది. బొడ్డు కింద, కొంచెం ఎడమకి పెట్టాలి. మలం చివరగా నిలవుండే పేగు భాగం అక్కడే ఉంటుంది.

కాపడం తీశాక పొట్ట రాయడం. కొంచెం ఆముదమో కొబ్బరి నూనో అరచేతికి రాసుకుని, వాళ్ళ కుడి గజ్జ దగ్గర మొదలుపెట్టి పైకి పక్కటెముకల దాకా, అక్కడి నుంచి అడ్డంగా ఎడమవైపుకి, అక్కడి నుంచి ఎడమ గజ్జ దాకా కిందికి. పెద్దపేగు ఉండే దారే ఇది. నొక్కే ఒత్తిడి వాళ్ళ మొహం చూసి తెలుసుకోవాలి, చిట్లిస్తే తగ్గించాలి. ఐదు నిమిషాలు రాస్తే సరిపోతుంది. నూనె కాపడానికి ముందు రాయొద్దు, తర్వాతే. నొప్పి బామ్‌లు రాసిన చోట అసలు కాపడం పెట్టొద్దు, బామూ వేడీ కలిసి చర్మాన్ని కాల్చేస్తాయి. ఆముదం తాగించడం మాత్రం నేను ఒప్పుకోను. పేగుల్ని మెలిపెట్టి నీళ్ళ విరేచనాలు చేయిస్తుంది, ముసలి ఒళ్ళు ఆ నీరసం తట్టుకోలేదు.

ఇక కాఫీ, టిఫిను. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం శరీర స్వభావం, అందులోనూ పొద్దున్న పూట ఇది ఎక్కువ. తిన్న పావుగంట, ఇరవై నిమిషాల్లో బాత్రూంకి తీసుకెళ్ళాలి. వస్తోందని చెప్పినా చెప్పకపోయినా రోజూ అదే వేళకి. టీవీలో భక్తి కార్యక్రమం అయ్యాక వెళ్దామంటే ఆ కదలిక కాస్తా పోతుంది.

కమోడ్ మీద కూర్చోబెట్టాక కాళ్ళ కింద పీట వేయండి. జానెడు ఎత్తు సరిపోతుంది. మోకాళ్ళు తుంటికన్నా పైకి రావాలి, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకి వంగాలి. గొంతుక్కూర్చునే అలవాటున్న తరానికి ఈ పీట చాలా మేలు చేస్తుంది. తుంటి మార్పిడి ఆపరేషను అయినవాళ్ళకి మాత్రం సర్జన్ని అడగకుండా పీట వేయకండి. ఊపిరి బిగబట్టి ముక్కొద్దని చెప్పాలి, గుండె జబ్బున్నవాళ్ళు అలా ముక్కి కళ్ళు తిరిగి పడిపోతారు. నోటితో మెల్లగా గాలి వదలమనండి. పది నిమిషాలు చూడండి. రాకపోతే లేపేయండి, రేపు మళ్ళీ.

లేపేటప్పుడు చెయ్యి పట్టుకోండి. వేడి తగిలాక బీపీ కొంచెం తగ్గుతుంది, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు లేవగానే తూలతారు. తలుపు గడియ పెట్టుకోవద్దని ముందే చెప్పాలి, కానీ తలుపు దగ్గరగా వేసి బయట నిలబడండి. "అయిందా, అయిందా" అని అడగొద్దు. ఎవరో వింటున్నారంటే ఆ వయసులో వాళ్ళకి కడుపు ఇంకా బిగుసుకుంటుంది.

నీళ్ళు ఎందుకు తాగరంటే

మా అత్తయ్యగారు సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్ళు ముట్టేవారు కాదు. దాహం లేదనేవారు. అసలు కారణం, రాత్రి మూత్రానికి లేస్తే నన్ను లేపాలి, నేను పగలంతా అలిసిపోయి ఉంటాను. ఎంత నీళ్ళు తాగమన్నా తాగకపోవడం వెనక ఇంత ఉంది. మంచం పక్కనే చిల్లు కుర్చీ వేసి, చిన్న లైటు పెట్టాక నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. ఆ తర్వాతే కాపడానికి ఫలితం కనబడింది. ఎండిపోయిన మలం మీద ఎంత కాపడం పెట్టినా ఏం లాభం? మీ ఇంట్లో పెద్దవాళ్ళు నీళ్ళెందుకు తగ్గించారో అడగండి, కోప్పడకుండా అడగండి.

తిండి సంగతి మీకు తెలిసిందే: తోటకూర, బచ్చలి, బీరకాయ, జామ, బొప్పాయి, నానబెట్టిన కిస్మిస్. షుగరున్నవాళ్ళకి కొలతగా. ఇసబ్గోల్ మాత్రం నిండా గ్లాసు నీళ్ళతోనే ఇవ్వాలి. మింగడం కష్టమయ్యేవాళ్ళకి, నీళ్ళు తాగనివాళ్ళకి ఇస్తే గొంతులోనో పేగులోనో ఉండకట్టుకుంటుంది.

మందుల డబ్బా కూడా ఒకసారి విప్పి చూడండి. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, మోకాళ్ళ నొప్పికి ఇచ్చే ట్రమడాల్, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకిచ్చే వెరాపమిల్ మలబద్ధకం తెస్తాయి. మీ అంతట మీరు మానిపించొద్దు. చీటీలన్నీ పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించండి.

మొలలు, ఫిషర్ ఉంటే

ఫిషర్ అంటే మలద్వారం దగ్గర చర్మం చీలడం. నొప్పికి భయపడి ఆపుకునేవాళ్ళు చాలామంది. వాళ్ళకి పొట్ట కాపడం కన్నా గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవడం మేలు. ఆ వెచ్చదనానికి మలద్వారం దగ్గర బిగిసిన కండరం వదులవుతుంది. కమోడ్ మీద అమరే ప్లాస్టిక్ టబ్బు మందుల షాపులో దొరుకుతుంది, కింద కూర్చుని లేచే పని ఉండదు. నీళ్ళు 40 డిగ్రీల లోపు, పది పదిహేను నిమిషాలు, దొడ్డికెళ్ళొచ్చాక. ఏమీ కలపక్కర్లేదు. తర్వాత మెత్తని గుడ్డతో అద్ది తుడవాలి.

పొరపాటున కాలితే

కుళాయి కింద చల్లనీళ్ళు ఇరవై నిమిషాలు పారనివ్వండి. మంచం మీదున్నవాళ్ళకి తడిగుడ్డ మార్చి మార్చి వేయండి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు ఏదీ రాయొద్దు. పొక్కు చిదపొద్దు. షుగరున్నవాళ్ళకైతే చిన్న పొక్కైనా డాక్టరుకి చూపించాలి.

ఎప్పటిదాకా చూడాలి

వారానికి మూడుసార్ల కన్నా తక్కువ అవుతున్నా, మేక పెంటికల్లా గట్టిగా ఉండలు ఉండలుగా వస్తున్నా అది మలబద్ధకమే. రోజూ వెళ్ళాలన్న నియమం లేదు, రెండు రోజులకోసారి మెత్తగా, ముక్కకుండా అయితే చాలు. పై వరస రెండు వారాలు ఆపకుండా చేసినా మార్పు లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లాక్టులోజ్ లాంటి మందులున్నాయి, అవి పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, మొదటి పూటకే పనిచేయలేదని మానేయకూడదు. అవి వాడుతూ కూడా కాపడం కొనసాగించవచ్చు. కొత్తగా మొదలైన మలబద్ధకం, బరువు తగ్గిపోవడం, రక్తం పడటం, ఐరన్ మాత్రలు వాడకుండానే నల్లటి మలం వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు.

ఇంకొకటి, దీన్ని వార్డులోనూ ఇళ్ళల్లోనూ పదేపదే చూశాను. నాలుగైదు రోజులు కదలని మనిషికి ఉన్నట్టుండి నీళ్ళలా కారుతుంది, బట్టలు తడుస్తాయి. ఇంట్లోవాళ్ళు విరేచనాలు పట్టుకున్నాయని ఆగే మాత్ర వేస్తారు. నిజానికి కింద గట్టి ముద్ద అడ్డం పడి, దాని పక్కల నుంచి పలుచనిది కారుతూ ఉంటుంది. ఆగే మాత్ర వేస్తే ముద్ద ఇంకా బిగుస్తుంది. మూత్రం రాకుండా ఆగిపోయినా, మనిషి ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడినా దీన్ని అనుమానించాలి. అప్పుడు కాపడంతో లాభం లేదు. నర్సో డాక్టరో చేతితో చూసి, ఎనీమాతో తీయాలి. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు చివరిసారి గట్టిగా ఎప్పుడు అయింది, కారడం ఎప్పుడు మొదలైంది, ఏ మాత్ర వేశారు, ఈ మూడూ చెప్పండి.